ఇడుపు కాయితం మీద సంతకం పెట్టే ముందు

మన తండాల్లో ఆలుమగలు విడిపోవాలంటే కావల్సినవి మూడే. నలుగురు పెద్దమనుషులు, ఒక వంద రూపాయల బాండు పేపరు, ఒక పగటిపూట. పొద్దున చెట్టు కింద కూసుంటే పొద్దూకేసరికి పెళ్ళి అయిపోయినట్టే. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం వైపు ఏ తండాకు పోయినా ఇదే పద్ధతి. ఎరుకల ఇండ్లల్లో కులపెద్దలు, లంబాడా తండాల్లో నాయక్, కార్భారి, ఇప్పుడైతే వాళ్ళతో పాటు సర్పంచులు, పార్టీ లీడర్లు, ఒక్కోసారి రియల్ ఎస్టేట్ చేసే అన్నలు కూడా.

ఆ కాయితంలో ఏం రాస్తరో మనకందరికీ తెలుసు. "ఇరువురము పరస్పర అంగీకారముతో విడిపోయినాము. ఇక మీదట ఒకరి మీద ఒకరికి ఏ విధమైన హక్కులు లేవు. పోలీసు స్టేషన్లలో గానీ కోర్టులలో గానీ కేసులు వేయము." కింద రెండు సంతకాలు, లేకుంటే వేలిముద్రలు, సాక్షుల పేర్లు. పెట్టిపోతలు ఎంత వాపస్ ఇయ్యాలె, బండి ఎవరికి, బంగారం ఎవరికి అన్నది తులాలతో సహా ఉంటది. పిల్ల ఎవరి దగ్గర ఉంటది, ఆ పిల్ల అన్నానికి, బడికి, దవాఖానకు నెలకు ఎవరు ఎంత ఇస్తరు అన్నది మాత్రం చాలా కాయితాల్లో ఒక్క లైను కూడా ఉండదు.

ఈ వ్యాసం ఆ లేని లైను గురించి.

చట్టం మన గడప దగ్గర ఎందుకు ఆగింది

1955 హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 2(2) అని ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు అని అది చెప్తది. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టంలో, మైనార్టీ-సంరక్షకత్వ చట్టంలో, దత్తత-మనోవర్తి చట్టంలో కూడా ఇదే మినహాయింపు ఉంది. అంటే పెళ్ళి, విడాకులు, ఆస్తి, పిల్లలు, ఈ నాలుగింట్లోనూ మనకు మన ఆచారమే చట్టం.

ఇది మనకు జరిగిన అన్యాయం కాదు. మన తెగలకు మన పద్ధతులున్నయి, వాటిని బయటోళ్ళు తుడిచెయ్యొద్దు అనే మాటకు దొరికిన గుర్తింపు. దాన్ని మనం కాపాడుకోవాల్సిందే. కానీ ఆ మినహాయింపు పేరు మీద రోజూ ఏం జరుగుతుందో కూడా చూడాలె కదా.

విడాకుల కోసం కోర్టుకు పోయిన గిరిజన దంపతులకు "మీకు ఈ చట్టం వర్తించదు, పిటిషన్ తీసుకోం" అనే జవాబు ఎదురవుతుంది. 2024లో ఒక లంబాడా జంట విషయంలో తెలంగాణ హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. వాళ్ళు హిందూ పద్ధతిలో పెళ్ళి చేసుకున్నరు కాబట్టి సెక్షన్ 2(2) అడ్డం రాదని హైకోర్టు చెప్పింది. 2021లో రాజస్థాన్ మీనా తెగ దంపతుల కేసులో ఢిల్లీ హైకోర్టు కూడా అదే దారిలో పోయింది. అదే ఏడు జార్ఖండ్ హైకోర్టు వేరే దారి చూపింది. ఒరావ్ దంపతుల ఆచారం పుస్తకంలో రాసి లేదన్న కారణంతో ఫ్యామిలీ కోర్టు వాళ్ళ విడాకుల కేసును తోసెయ్యకూడదు, ఆచారాన్ని రుజువు చేసుకునే అవకాశం ఇయ్యాలె అన్నది.

ఈ తీర్పుల వల్ల మనకు రెండు తలుపులు కనబడతయి. ఒకటి, "మేం హిందువుల లెక్కనే పెళ్ళి చేసుకున్నం" అని సప్తపది ఫొటోలు చూపించి లోపలికి పోవడం. రెండోది, "మా తెగలో ఇదీ పద్ధతి" అని ఆచారాన్ని రుజువు చేసి పోవడం. మొదటి తలుపు తొందరగా తెరుసుకుంటది. కానీ ఒక ఆడబిడ్డ మొగుడి నుంచి విముక్తి కావాలంటే తన తెగ గుర్తింపును పక్కన పెట్టి మాట్లాడాల్నా అన్న ప్రశ్న మిగుల్తది. రెండో తలుపు మనది. కానీ దానికి తాళం చెవి మన దగ్గరే లేదు. ఎందుకంటే మన ఆచారం ఏందో మనమే ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

రాసి పెట్టుకోకపోతే ఏమైతదో 2001లో సుప్రీంకోర్టుకు పోయిన ఒక ఆదివాసీ మహిళ కేసులో తేలింది. ఆమె భర్త సంతాల్. రెండో పెళ్ళి చేసుకున్నడని ఆమె కేసు పెట్టింది. హిందూ వివాహ చట్టం మీకు వర్తించదు, రెండో పెళ్ళి చెల్లదని చెప్పే ఆచారం మీ తెగలో ఉందని నువ్వు రుజువు చెయ్యలేదు అని కోర్టు ఆమె కేసు కొట్టేసింది. ఆచారం ఉందని చెప్తే సరిపోదు, అది ఎప్పటినుంచో ఉన్నదని, ఖచ్చితంగా ఇదీ అని, అందరూ పాటిస్తున్నరని చూపించాలె. ఒంటరి ఆడమనిషి అది ఎక్కడినుంచి తెస్తది?

విడాకులు వేరు, మనోవర్తి వేరు

ఇక్కడే మన యువత గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఉంది. "మనకు చట్టం వర్తించదు" అనే మాట సగమే నిజం. విడాకుల చట్టం దగ్గర అది నిజం. తిండి పెట్టే బాధ్యత దగ్గర అది పచ్చి అబద్ధం.

మనోవర్తి చట్టం కులం, మతం, తెగ చూడదు. ఇంతకుముందు అది సీఆర్‌పీసీ సెక్షన్ 125. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144. తనను తాను పోషించుకోలేని భార్య, విడాకులై మళ్ళీ పెళ్ళి చేసుకోని భార్య, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు అందరూ దీని కింద అడగొచ్చు. పెళ్ళి చెల్లుతదా చెల్లదా అన్న కొట్లాట పిల్లల హక్కును ఆపలేదు. ఎందుకంటే అక్రమ సంతానం అని లోకం అనే పిల్లలకు కూడా ఆ సెక్షన్‌లో హక్కు రాసే ఉంది.

కేసు వెయ్యడానికి మొగుడి ఊరికి పోవాల్సిన పని లేదు. ఆమె ఎక్కడ ఉంటుందో అక్కడే వెయ్యొచ్చు. తల్లిగారింట్లో ఉంటే అక్కడే. మన దిక్కు అయితే ప్రాంతాన్ని బట్టి ఇబ్రహీంపట్నం కోర్టులోనో, ఎల్బీనగర్‌లోని జిల్లా కోర్టుల దగ్గరో. కేసు తెగేదాకా ఆకలితో ఉండమని కూడా చట్టం చెప్పలేదు. మధ్యంతర మనోవర్తి అడగొచ్చు, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు దాన్ని తేల్చాలని సెక్షన్‌లోనే ఉంది. ఆర్డర్ వచ్చినంక కట్టకపోతే బాకీ ఉన్న ఒక్కో నెలకు నెల రోజుల దాకా జైలు పడొచ్చు. కానీ బాకీ పడ్డ ఏడాది లోపల మళ్ళీ కోర్టును అడగాలె. ఇది తెలియక ఎంతో మంది అక్కలు ఏండ్లకు ఏండ్లు ఊకుంటున్నరు.

2005 గృహహింస చట్టం కూడా మనకు వర్తిస్తది. కొట్టకుండా ఆపడం ఒక్కటే దాని పని కాదు. ఉండటానికి ఇల్లు, నెల ఖర్చులు, పిల్లల తాత్కాలిక కస్టడీ, ఇవన్నీ ఆ ఒక్క పిటిషన్‌లో అడగొచ్చు.

పిల్లల కస్టడీకి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. అది బ్రిటిషోళ్ళ కాలంది, అందరికీ వర్తిస్తది. అందులో కోర్టు చూడాల్సిన ముఖ్యమైన విషయం పిల్లల మంచి. అంత తెలివి వచ్చిన పిల్ల అయితే ఆ పిల్ల ఇష్టం కూడా అడగొచ్చు. "బిడ్డ తండ్రి గోత్రం, తండ్రి ఇంటిది" అనేది మన పంచాయితీల్లో ఆఖరి మాట కావొచ్చు. కోర్టులో అది ఒక మాట మాత్రమే.

ఆ ఒక్క వాక్యం ఎంత చేటు చేస్తది

ఇప్పుడు మళ్ళీ బాండు పేపరు దగ్గరికి వద్దాం. "పరస్పర అంగీకారముతో విడిగా ఉంటున్నాము" అనే వాక్యం చూడటానికి మర్యాదగా ఉంటది. కానీ భార్యాభర్తలు ఇద్దరి ఇష్టంతో విడిగా ఉంటుంటే భార్యకు మనోవర్తి రాదు అని సెక్షన్ 144లోనే ఉంది. విడాకులు అయిపోయిన భార్యకు ఇది అడ్డం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మన కాయితం విడాకుల కాయితమా, ఉత్త విడిగా ఉండే ఒప్పందమా అన్నది తేల్చాలంటే మళ్ళీ ఆచారం రుజువు దాకా పోవాలె. అవతలి వకీలు ముందుగాల పట్టుకునేది ఆ వాక్యాన్నే. అన్నలు తెలియక రాస్తున్నరో, తెలిసే రాస్తున్నరో గానీ, ఆడబిడ్డ వేలిముద్రతో ఆమె కేసునే బలహీనం చేస్తున్నరు.

"ఇక మీదట ఏ కేసులు వేయము" అనే వాక్యం అయితే బెదిరింపు తప్ప ఇంకోటి కాదు. మనోవర్తి హక్కును ముందుగానే రాసిచ్చేసుకుంటే అది చెల్లదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పినయి. ఇంక తల్లి సంతకం పెడితే బిడ్డ కడుపుకు ఉన్న హక్కు పోతదా? పోదు. ఆ సంతకం పెట్టిన అక్కలకు ఈ సంగతి ఇయ్యాలనే చెప్పండి. కాయితం రాసుకున్నా దారి మూసుకుపోలేదు.

ఇంక సెటిల్మెంట్ లెక్క. ఉదాహరణకు నాలుగేండ్ల బిడ్డ ఉన్న తల్లికి మూడు లక్షలు ఇప్పించి పంచాయితీ లేపేసిన్రు అనుకుందాం. "మూడు లక్షలు ఇప్పించినం" అని పెద్దమనుషులు ఏడాది దాకా చెప్పుకుంటరు. ఆ బిడ్డకు 18 ఏండ్లు నిండాలంటే ఇంకా 168 నెలలు. మూడు లక్షలను 168తో భాగిస్తే నెలకు 1,786 రూపాయలు కూడా రావు. తల్లీబిడ్డ ఇద్దరికి కలిపి. ఒంటరి మహిళలకు రాష్ట్ర ప్రభుత్వం 2017లో పింఛను మొదలుపెట్టింది, తర్వాత అది 2,016 రూపాయలైంది. అంటే మన పంచాయితీ ఇప్పించిన న్యాయం సర్కారు పింఛను కన్నా తక్కువ. దీన్ని సెటిల్మెంట్ అంటే నోరు ఎట్ల వస్తది?

భూమి అమ్మినప్పుడు ఉన్న పైసలు పంచాయితీలో ఎందుకు ఉండవు

మన ప్రాంతం సంగతి ఇంకో తీరు. ఔటర్ రింగు రోడ్డు, ఆదిబట్ల కంపెనీలు, కొంగరకలాన్‌లో కలెక్టరేట్, యాచారం-కందుకూరు వైపు ఫార్మా సిటీ భూసేకరణ, వీటన్నిటితో భూమి ధర మనం ఊహించని కాడికి పోయింది. ఎకరం రెండెకరాలు ఉన్న ఇంటికి కూడా ఒక్కసారి చేతికి పైసలు వచ్చినయి. ఇల్లు లేచింది, కారు వచ్చింది. పంచాయితీ పడ్డనాడు మాత్రం "నేను కూలోన్ని, నా పేరు మీద ఏం లేదు" అని చేతులు లేపుతరు. భూమి అమ్మ పేరు మీద, ప్లాటు తమ్ముని పేరు మీద.

దీనికి కూడా దారి ఉంది. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ ప్రమాణపత్రంలో రాసివ్వాలని 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు దేశమంతటికీ నియమం పెట్టింది. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క కట్టాలని కూడా అదే తీర్పులో ఉంది. కాబట్టి వాయిదాలు లాగి లాభపడదామనే ఎత్తు పారదు. ఒంట్లో సత్తువ ఉన్న మగమనిషి కూలి చేసైనా భార్యాపిల్లలను సాకాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో మళ్ళీ చెప్పింది.

రుజువు ఎక్కడిది అని భయపడే అక్కలకు ఒక మాట. మన పెండ్లిలకు రిజిస్ట్రేషన్ ఉండదు, నిజమే. కానీ 2014 అక్టోబర్ నుంచి కళ్యాణలక్ష్మి ఉంది. ఆ దరఖాస్తు పెట్టుకున్నోళ్ళ ఫైలు తహసీల్దారు ఆఫీసులో ఉంటది. పెండ్లి ఫొటో, లగ్గం పత్రిక, ఇద్దరి ఆధార్ అందులోనే ఉంటయి. అది లేకుంటే రేషన్ కార్డు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, అంగన్‌వాడీ రిజిస్టర్, బడి అడ్మిషన్‌లో తండ్రి పేరు. మనోవర్తి కేసులో పెళ్ళిని క్రిమినల్ కేసులో లెక్క గట్టిగా రుజువు చెయ్యాల్సిన పని లేదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ఇంట్ల నుంచి బయటపడే రోజు బట్టల మూటలో ముందు ఈ కాయితాల జిరాక్సులు పెట్టుకోండి.

వకీలు ఫీజు? 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇయ్యాలె. గిరిజన మహిళకు ఆ హక్కు రెండు కారణాల మీద ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా, కోర్టులోని న్యాయసేవా కమిటీ ఆఫీసుకు పోయి తెల్ల కాయితం మీద రాసిచ్చినా చాలు. ఇంట్ల కొడుతుంటే 181.

"కోర్టుకు పోతే తండా పరువు పోతది" అనేవాళ్ళకు

పంచాయితీని నేను తక్కువ చెయ్యడం లేదు. కోర్టులో ఏండ్లు పట్టేది అక్కడ ఒక్క రోజులో తేలుతది. మన భాషలో మాట్లాడొచ్చు. బస్సు చార్జీ లేదు, వాయిదా లేదు. ఇంకో పెద్ద మాట, విడిపోయిన ఆడమనిషి మళ్ళీ పెండ్లి చేసుకుంటే తప్పుపట్టని సంస్కారం మన తెగల్లో ఎన్నో తరాల నుంచి ఉంది. బయటి సమాజం దాన్ని చట్టం చేసుకోడానికి 1955 దాకా ఆగింది. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం.

కానీ ఒక నిజం కూడా ఒప్పుకుందాం. రంగారెడ్డి జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. 1996 పెసా చట్టం ఇక్కడ లేదు. ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే అధికారం ఏజెన్సీ గ్రామసభకు ఉన్నట్టు మన పంచాయితీకి చట్టం రాసివ్వలేదు. మన పంచాయితీకి ఉన్న బలమంతా జనం నమ్మకమే. ఆ నమ్మకంలో సగం మంది ఆడవాళ్ళు. వాళ్ళు మాట్లాడే సందు లేని చోట నమ్మకం ఎన్ని రోజులు ఉంటది?

ఇంకో వాదన ఉంది. "ఇప్పుడు మన ఆచారం మీద మనమే లేస్తే ఉమ్మడి పౌరస్మృతి తెచ్చేటోళ్ళకు సందు ఇచ్చినట్టు కాదా?" అంటరు. నేను తిప్పి చెప్తా. 2021లో మీనా దంపతుల కేసు తీర్పులోనే ఢిల్లీ హైకోర్టు ఉమ్మడి పౌరస్మృతి అవసరం గురించి రాసింది. ఒక గిరిజన జంట విడాకుల చిక్కు ఆ చర్చకు ఇంధనమైంది. 2024 ఉత్తరాఖండ్ చట్టం షెడ్యూల్డ్ తెగలను మినహాయించింది. రేపు ఇంకోచోట మినహాయిస్తరన్న గ్యారంటీ ఏంది? "మీ ఆచారంలో మీ ఆడవాళ్ళకు న్యాయం లేదు" అని వేలు చూపే అవకాశం వాళ్ళకు ఇయ్యకపోవడమే మనకు అసలైన రక్షణ.

గోండు ఆడబిడ్డల ఆస్తి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తు పెట్టుకోండి. ఆడవాళ్ళకు వాటా ఇయ్యొద్దనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు, సమానత్వమే లెక్క అన్నది. అదే ఏడు అక్టోబర్‌లో ఇంకో కేసులో హిందూ వారసత్వ చట్టాన్ని ఎస్టీల మీద రుద్దకూడదనీ చెప్పింది. రెండూ కలిపి చదివితే మనకు కావల్సింది అందులోనే ఉంది. మన మీద బయటి చట్టం రుద్దొద్దు, మన ఆచారం పేరు మీద మన ఆడబిడ్డ నోరు కొట్టొద్దు.

మనం చెయ్యాల్సింది

మన యువజన సంఘాల ముందు నేను పెట్టే ప్రతిపాదనలు ఇవి.

ఒకటి, పంచాయితీలో కూసునే పెద్దమనుషుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలె. సాక్షి సంతకం పెట్టనీకి పిలిస్తే కాదు, మాట చెప్పనీకి.

రెండు, పిల్లల సంగతి తేలకుండా ఏ కాయితం మీదా సంతకం పడొద్దు. పిల్ల ఎవరి దగ్గర, రెండో మనిషి ఎప్పుడెప్పుడు వచ్చి చూడొచ్చు, నెలకు ఎంత, ఏ తారీఖున, ఏ బ్యాంకు ఖాతాలో, ఏడాదికి ఎంత పెంచాలె, ఇవి రాయాలె. చేతికి ఇచ్చిన పైసలకు లెక్క ఉండదు, ఖాతాలో పడ్డదానికి ఉంటది.

మూడు, "కేసులు వేయము" అనే వాక్యం మన కాయితాల నుంచి తీసెయ్యాలె. రాసిన కాయితం కాపీ ఆమె చేతిలో అదే రోజు పెట్టాలె.

నాలుగు, పిల్ల ఆధార్, కుల సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్ ఎవరి దగ్గర పిల్ల ఉంటే వాళ్ళకు ఇయ్యాలె. గురుకులం సీటు వచ్చినంక సర్టిఫికెట్ ఇయ్యకుండా తల్లిని బెదిరించే పద్ధతి బంద్ కావాలె.

ఐదు, ఏ తెగకు ఆ తెగ, ఆడవాళ్ళు మగవాళ్ళు కలిసి కూసోని పెళ్ళి, విడాకులు, పిల్లలు, ఆస్తి మీద మన ఆచారాన్ని రాసుకోవాలె. మన తాతల కాలం మంచి ఉంచుకుందాం, మన కాలానికి అన్యాయం అనిపించింది మార్చుకుందాం. రాసింది గ్రామసభలో తీర్మానం చేద్దాం. రేపు ఒక అక్క కోర్టుకు పోతే "ఇదీ మా ఆచారం" అని చూపించనీకి ఒక కాయితం ఉంటది.

సర్కారును అడగాల్సింది కూడా ఉంది. తండాల్లో లీగల్ ఎయిడ్ క్యాంపు ఏడాదికి ఒక్కసారి ఫొటో కోసం కాకుండా నెలనెలా పెట్టాలె. గోర్ బోలి, ఎరుకల భాష తెలిసిన పారాలీగల్ వాలంటీర్లను తీసుకోవాలె. ఆచారాలను రాసే పనిలో హైదరాబాద్‌లోని గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ మనతో కలిసి రావాలె.

చదువుకున్న తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఆఖరుగా ఒక మాట. మీ తండాలో బాండు పేపరు రాసేది ఎక్కువసార్లు మీరే, ఎందుకంటే తెలుగు మంచిగ రాసేది మీరే. పెద్దమనుషులు చెప్పింది చెప్పినట్టు రాసే ముందు పెన్ను ఆపి ఒక్క ప్రశ్న అడగండి: "మరి బిడ్డకు ఎంత రాయాలె?" జవాబు వచ్చేదాకా పెన్ను కదపకండి.

జల్, జంగల్, జమీన్ కోసం కొట్లాడిన జాతి మనది. మన ఇంట్ల పుట్టిన బిడ్డ బుక్కెడు బువ్వ కోసం కొట్లాడటం అందులో భాగమే.

జోహార్.